హత్య ఉంది, దర్యాప్తు లేదు

(‘ద బ్లాక్ డాలియా’ చిత్ర ప్రదర్శన తరువాత విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇప్పుడే మనమంతా కలిసి చూసిన ‘ద బ్లాక్ డాలియా’ 2006లో వెనిస్ చిత్రోత్సవానికి ప్రారంభ చిత్రంగా వెళ్ళి, ఆ తరువాత రెండు వారాలకు అమెరికాలో విడుదలై, విమర్శకులను, ప్రేక్షకులను కూడా నిరాశపరిచిన సినిమా. దర్శకుడు బ్రయన్ డి పామా. ఛాయాగ్రహణం విల్మోస్ జిగ్మండ్‌ది. ఈ పనికి ఆయన ఆస్కార్ నామినేషన్ కూడా అందుకున్నారు. సెట్లు రూపొందించినవారు డాంటే ఫెరెట్టి. మూలం జేమ్స్ ఎల్‌రాయ్ 1987లో వెలువరించిన నవల. ఖర్చు సుమారు 5 కోట్ల డాలర్లు. ఇంతమంది ఉద్దండులు, ఇంత డబ్బు, ఇంత బలమైన కథ ఒకచోట చేరాక కూడా, దీపాలు వెలిగేసరికి మనలో చాలామంది ఎవరు ఎవరిని ఎందుకు చంపారో పక్కవారిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆ అయోమయం చూసినవారి లోపం కాదని ముందే చెప్పదలచుకున్నాను.

నేను క్రిమినల్ కేసులు వాదించే న్యాయవాదిని. సినిమాను నా వృత్తి కళ్ళతోనే చూస్తానన్న ఆక్షేపణ ఉంటే ఉండవచ్చు గాని, హత్య కేసు దర్యాప్తు కథగా తీసిన సినిమాను ఆ కళ్ళతో చూడడం అన్యాయం కాదని నా నమ్మకం. ఈ సినిమాలో హత్య ఉంది, చివర హంతకురాలు ఉంది. ఆ రెండింటినీ కలపవలసిన దర్యాప్తు లేదు. దర్యాప్తు లేకపోవడం వల్ల కథ అర్థం కాకుండా పోవడం చిన్న నష్టం. చనిపోయిన అమ్మాయి ఎవరో మనకు తెలియకుండా పోవడం పెద్ద నష్టం. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఈ రెండో నష్టం గురించే.

ముందు అసలు కేసు సంగతి చూద్దాం. 1947 జనవరి 15 ఉదయం, లాస్ ఏంజెలస్ నగరంలోని లీమర్ట్ పార్క్ ప్రాంతంలో, నార్టన్ అవెన్యూ పక్కన ఇంకా ఇళ్ళు లేని ఖాళీ స్థలంలో, చిన్న కూతురిని వెంటబెట్టుకుని నడిచి వెళ్తున్న ఒక గృహిణికి గడ్డిలో తెల్లటి ఆకారం కనిపించింది. బట్టల దుకాణంలో నిలబెట్టే బొమ్మను ఎవరో విరగ్గొట్టి పారేశారని ఆమె మొదట అనుకున్నది. అది నడుము దగ్గర రెండుగా కోసిన స్త్రీ దేహం. నోటిని రెండు వైపులా చెంపల మీదికి చీల్చి ఉన్నారు. ఆ చోట రక్తం లేదు. ఎక్కడో చంపి, కడిగి, అక్కడికి తెచ్చి పడవేశారని పోలీసులకు వెంటనే అర్థమైంది. ఆమె పేరు ఎలిజబెత్ షార్ట్. ‘బ్లాక్ డాలియా’ అన్నది పత్రికల్లో ఆమెకు స్థిరపడిన పేరు. 1924లో బోస్టన్‌లో పుట్టింది. చనిపోయేనాటికి 22 ఏళ్ళు. ఎవరు చంపారో నేటికీ తేలలేదు.

ఆ పేరు ఎలా తెలిసిందన్నది ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ఘట్టం. దేహం మీద గుర్తించడానికి వీలైన వస్తువేదీ లేదు. వేలిముద్రలు తీసి దేశానికి ఆ చివర ఉన్న వాషింగ్టన్‌లోని ఎఫ్.బి.ఐ.కి పంపాలి. అప్పుడు ‘ఎగ్జామినర్’ అనే దినపత్రిక, ఫోటోలను టెలిఫోను తీగల మీదుగా పంపే తన సౌండ్‌ఫోటో యంత్రాన్ని పోలీసులకు ఇచ్చింది. మసకగా అందిన ఆ ముద్రలను, 10 కోట్లకు పైగా ముద్రలున్న భాండాగారంలో, కంప్యూటర్లు లేని రోజుల్లో, 56 నిమిషాల్లో పోల్చి పట్టుకున్నారు. 1943లో ఒక సైనిక శిబిరంలో చిన్న ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఒకసారి, అదే సంవత్సరం శాంటా బార్బరాలో, చట్టం ఒప్పుకోని వయసులో మద్యం తాగిందని పోలీసులు పట్టుకున్నప్పుడు ఇంకోసారి, ఆ అమ్మాయి వేలిముద్రలు ఇచ్చి ఉన్నది.

యంత్రం ఇచ్చిన పత్రికకు ఆ పేరు అందరికన్నా ముందు చేతికి వచ్చింది. ఆ పత్రికవాళ్ళు ఎలిజబెత్ తల్లికి ఫోను చేసి, మీ అమ్మాయి అందాల పోటీలో గెలిచిందని చెప్పి, ఆ సంతోషంలో ఆమె చెప్పిన వివరాలన్నీ రాసుకుని, ఆ తరువాత గాని కూతురు హత్యకు గురైందన్న మాట చెప్పలేదు. ఇది కల్పన కాదు, చరిత్రకెక్కిన సంగతి. ఒక కాలం అంటే ఏమిటో, ఆ కాలంలో పోలీసుకు, పత్రికకు, చనిపోయిన మనిషి ఇంటివాళ్ళకు మధ్య సంబంధం ఎలా ఉండేదో, ఈ రెండు ఘట్టాలు చెప్పినంతగా ఏ సెట్టూ చెప్పలేదు. రెండూ మన సినిమాలో లేవు.

ఇక్కడ కొంచెం ఆగి ‘పీరియడ్ సినిమా’ అన్న మాట గురించి చెప్పాలి. మన తెలుగులో కూడా ఈ మధ్య పాత కాలం నేర కథలు ఎక్కువయ్యాయి. అంబాసిడర్ కారు, నంబర్లు తిప్పే ఫోను, గోడ మీద పాత సినిమా పోస్టరు, తెర అంతా పరుచుకున్న గోధుమ రంగు కాంతి. ఇవి సమకూరితే కాలం వచ్చి కూర్చున్నట్టేనని మన కళా దర్శకులు, నిర్మాతలు అనుకుంటున్నారు. ఎలిజబెత్ షార్ట్ చనిపోయిన ఆ 1947 జనవరిలోనే మన బెజవాడ పక్క పల్లెలో ఒక అనుమానాస్పద మరణం జరిగిందని ఊహించండి. గ్రామ మునసబు రిపోర్టు రాసి పంపాలి. సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చి పంచాయతీదారులను కూర్చోబెట్టి శవ పంచాయతీ జరపాలి. విషప్రయోగమని అనుమానం వస్తే పేగులు, కాలేయం జాడీల్లో పెట్టి, సీలు వేసి, మద్రాసులోని కెమికల్ ఎగ్జామినరుకు పంపి, జవాబు కోసం ఎదురుచూడాలి. ప్రకాశం బ్యారేజీ 1957లో గాని పూర్తి కాలేదు కనుక, సాక్షి గుంటూరు వైపు ఉంటే కృష్ణను రైలు వంతెన మీదనో పడవలోనో దాటాలి. ఆ ఎదురుచూపులో సాక్షి మాట మార్చవచ్చు, ఊరి పెద్దలు రాజీ కుదర్చవచ్చు, అసలు ముద్దాయి రంగూన్ ఓడ ఎక్కి ఉండవచ్చు. పాత కాలం కథకు ప్రాణం ఆ జాప్యంలో ఉంటుంది. దర్యాప్తు చేసే మనిషికి ఏది అందుబాటులో ఉంది, ఏది లేదు అన్నదే కాలం. కోటు, టోపీ ఆ తరువాతి సంగతులు.

డి పామా సినిమాలో కోటు, టోపీ అద్భుతంగా ఉన్నాయి. బల్గేరియా రాజధాని సోఫియాలో లాస్ ఏంజెలస్ వీధులను కట్టి ఎక్కువ భాగం అక్కడే తీశారు. ఆ వీధులు అందంగా ఉన్నాయి, కాని వాటిలో ఎవరూ కాపురం ఉంటున్నట్టు అనిపించదు. దీన్ని నేను పరాయి దేశంలో తీసిన దోషంగా చూడను. ఏ ఊళ్ళో తీసినా, ఆ వీధిలో డిటెక్టివు తలుపు తట్టి, ఒక ఇల్లాలిని, ఒక బార్ యజమానిని, ఒక అద్దె ఇంటి మేనేజరును అడిగి సమాధానం తెచ్చుకుంటే అది ఊరవుతుంది. ఈ సినిమాలో డిటెక్టివులు వీధిని దాటుతారు, తలుపులు మాత్రం దాదాపుగా తట్టరు. ఎలిజబెత్ తండ్రిని కలిసే చిన్న సన్నివేశం ఒకటి ఉంది. అది బాగుంది. ఆయన కూతురి గురించి మాట్లాడే తీరులోని చులకన చూస్తే, ఆ అమ్మాయి ఇల్లు ఎందుకు వదిలి ఉంటుందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అలాంటివి పది సన్నివేశాలు ఉండవలసిన చోట ఒకటి రెండుతో సరిపెట్టారు.

అందరూ మెచ్చుకునే క్రేన్ షాట్‌కు వస్తాను. నేనూ మెచ్చుకుంటాను, కాని అక్కడే సినిమా తన దారి తప్పిందని నా అభిప్రాయం. ఇద్దరు డిటెక్టివులు వేరే కేసు మీద ఒక భవనం దగ్గర కాపు కాస్తూ ఉంటారు. కెమెరా ఆ వీధి నుంచి పైకి లేచి, భవనం కప్పు దాటి, అవతలి వైపు ఖాళీ స్థలాన్ని చూపిస్తుంది. అక్కడ ఎక్కడో దూరంగా గడ్డిలో ఏదో చూసిన ఒక స్త్రీ కేకలు వేస్తూ రోడ్డు మీదికి పరుగెత్తుతుంది. ఆ కేక ఎవరికీ వినిపించదు. కెమెరా తిరిగి వీధిలోకి దిగుతుంది, కాల్పులు మొదలవుతాయి. ప్రపంచం పట్టించుకోని చావును ఇంతకన్నా బాగా చూపించడం కష్టం. ఎలిజబెత్ దేహం తెర మూలన ఒక మచ్చగా మాత్రమే ఉండడం ఆ క్షణానికి గొప్ప నిర్ణయం. బాధ ఏమిటంటే, తరువాతి గంటన్నర కూడా దర్శకుడు ఆమెను ఆ మూలనే ఉంచేశాడు. అప్పటిదాకా ప్రపంచం చేసిన అలక్ష్యాన్ని చూపించిన సినిమా, ఆ తరువాత అదే అలక్ష్యాన్ని తానూ చేసింది.

ఆమె స్థానంలో మనకు దక్కినవి నాలుగు పాత్రల ప్రేమ వ్యవహారాలు. బకీ, లీ అనే ఇద్దరు పోలీసులు మాజీ బాక్సర్లు. పోలీసుల జీతాలు పెరగడానికి అవసరమైన ఎన్నికల ప్రతిపాదన నెగ్గాలని డిపార్టుమెంటు వాళ్ళిద్దరి మధ్య పందెం పోటీ పెట్టి పత్రికల్లో ప్రచారం చేయిస్తుంది. ఈ తొలి భాగం చాలా బాగుంది. డిపార్టుమెంటు తన మనుషులను సరుకుగా ఎలా వాడుకుంటుందో సూటిగా చెప్పింది. జిల్లా అటార్నీ కార్యాలయంలో ఎదగాలనుకునే న్యాయవాది, ఎలిజబెత్ కేసును తన ఎన్నికల మెట్టుగా వాడుకోవాలనుకోవడం కూడా ఆ దారిలోనిదే. ఆ దారినే సాగి ఉంటే ఇది పెద్ద సినిమా అయ్యేది. కాని లీతో కలిసి ఉంటున్న కే అనే యువతి, సంపన్నుల ఇంటి పిల్ల మాడలీన్, వీరిద్దరి మధ్య బకీ ఊగిసలాట తెరను ఆక్రమించేసరికి హత్య కేసు వెనకడుగు వేసింది. బకీగా వేసిన జాష్ హార్ట్‌నెట్ మంచి నటుడే గాని, అలసిన డిటెక్టివు గొంతుతో వెనుక నుంచి కథ చెప్పే భారం ఆయన వయసుకు మించిపోయింది. కేగా వేసిన స్కార్లెట్ జొహాన్సన్ పాత్రకు దుస్తులు ఉన్నాయి, గతం లేదు. లీగా వేసిన ఆరన్ ఎకార్ట్ కోపంగా వచ్చి, ఇంకా కోపంగా వెళ్ళిపోతాడు. ఎలిజబెత్ హత్య ఆయనను ఎందుకు పిచ్చివాణ్ణి చేస్తుందో సినిమా నమ్మకంగా చెప్పలేకపోయింది.

నవలలో ఇది తెలుస్తుంది. లీ తన చిన్ననాట ఒక చెల్లెలిని పోగొట్టుకున్నవాడు. ఎలిజబెత్ కేసు కాగితాలన్నీ ఒక అద్దె గదిలోకి చేర్చి, గోడలకు ఫోటోలు అంటించి, ఆ గదిలోనే బతుకుతాడు. ఆ గది ఆ నవలకు గుండెకాయ. ఎల్‌రాయ్ ఆ గదిని ఊహతో కట్టలేదు. 1958 జూన్‌లో, ఆయనకు పదేళ్ళ వయసులో, లాస్ ఏంజెలస్ శివారు ఎల్ మాంటీలో ఆయన తల్లి హత్యకు గురైంది. హంతకుడు దొరకలేదు. మరుసటి ఏడాది పుట్టినరోజుకు తండ్రి ఇచ్చిన పుస్తకంలో ఎలిజబెత్ షార్ట్ కేసు గురించి చదివిన ఆ పిల్లవాడికి తల్లి చావు, ఆ పరాయి అమ్మాయి చావు ఒకటైపోయాయి. పెద్దయ్యాక రాసిన ఈ నవలను తల్లికి అంకితం చేశాడు. కాబట్టి ఆ పుస్తకంలో డిటెక్టివులకు పట్టిన పిచ్చి రచయితకు పట్టినదే. తెర మీద ఆ పిచ్చిని చూపించాలంటే కాగితాలు కావాలి, గది కావాలి, రాత్రులు గడవాలి. రెండు గంటల నిడివిలో జాష్ ఫ్రీడ్‌మన్ రాసిన స్క్రిప్టు నవలలోని సంఘటనలను ఒక్కటీ వదలకూడదన్నట్టు వరుసగా చెప్పుకుంటూ పోయింది. సంఘటనలన్నీ మిగిలాయి, వాటిని నడిపించిన వేదన మిగలలేదు. కొన్ని ఘట్టాల్లో ఒకే సంభాషణలో మూడు కొత్త పేర్లు వస్తాయి. వాటిలో ఒకటి ముప్పావు గంట తరువాత కీలకమవుతుంది. ఏలూరు రోడ్డు అద్దె పుస్తకాల షాపుల్లో డిటెక్టివ్ నవలలు చదివి పెరిగిన మన పెద్దవాళ్ళకు ఈ విషయం బాగా తెలుసు: ఆధారాన్ని పాఠకుడి కంటి ముందే పెట్టాలి, కాని అది ఆధారమని అనిపించకుండా పెట్టాలి. ఇక్కడ ఆధారాలను కంటి ముందు పెట్టలేదు, చెవిలో వేసి వెళ్ళిపోయారు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మాడలీన్‌కు, ఎలిజబెత్‌కు అచ్చం ఒకే పోలిక అని కథ చెబుతుంది. హంతకురాలి ఉద్దేశం, బకీ మాడలీన్ వైపు మొగ్గడం, అన్నీ ఆ పోలిక మీద ఆధారపడి ఉన్నాయి. తెర మీద మాడలీన్‌గా హిలరీ స్వాంక్, ఎలిజబెత్‌గా మియా కర్ష్‌నర్ కనిపిస్తారు. ఇద్దరూ ప్రతిభావంతులు. ఇద్దరికీ ముఖంలో, ఒడ్డూ పొడుగులో, గొంతులో ఎక్కడా పోలిక లేదు. పాత్రలు పోలిక ఉందంటున్నాయి, మన కళ్ళు లేదంటున్నాయి. కోర్టులో సాక్షి నోటి మాటకు, ఎదురుగా ఉన్న ఫోటోకు పొంతన కుదరకపోతే ఆ సాక్ష్యం ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇక చివరి అరగంట. ఒక పాత మూగ సినిమాలోని గది, ఎలిజబెత్‌తో రహస్యంగా తీసిన అశ్లీల చిత్రంలోని గది ఒకటేనని బకీకి తడుతుంది. ఇది నిజానికి మంచి ఆధారం. హాలీవుడ్ నగరంలో, సినిమా సెట్టు ద్వారా హంతకుల ఇంటికి దారి దొరకడం ఎంత సముచితమైన ఊహ! మాడలీన్ తండ్రి, పారేసిన సినిమా సెట్ల కలపతో నాసిరకం ఇళ్ళు కట్టి కోట్లు గడించినవాడన్న వివరాన్ని దీనితో కలిపి చూడండి. ఒక నగరం తన పునాదుల్లో ఏమి దాచుకుందో చెప్పడానికి ఇంతకన్నా ఏమి కావాలి? కాని దీనికి సినిమా ఇచ్చిన సమయం కొన్ని నిమిషాలు మాత్రమే. బకీకి తట్టింది, పరుగెత్తాడు, కొట్టం దొరికింది, నేరుగా ఆ ఇంటి హాలులోకి వెళ్ళి తుపాకీ తీశాడు. అంతే, మాడలీన్ తల్లి మేడ మెట్ల దగ్గర నిలబడి, ఎందుకు చంపిందో, ఎలా చంపిందో, ఎవరు సాయం చేశారో అంతా తానే చెప్పి, తనను తాను కాల్చుకుంటుంది. ఫియోనా షా ఆ పాత్రను ఎంత బిగ్గరగా చేసిందంటే, మన హాలులో కూడా ఆ సమయంలో నవ్వులు వినిపించాయి. నవ్వినవారిని నేను తప్పుపట్టను. నటిని కూడా తప్పుపట్టను; సినిమా అంతా చేయవలసిన పనిని ఒక్క ప్రసంగంలో చేయమని అప్పగిస్తే ఎవరైనా గొంతు పెంచవలసిందే.

నేను వృత్తిరీత్యా ఒప్పుకోలేనిది ఈ నేరాంగీకారాన్నే. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షను చెప్పింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా 23వ సెక్షనులో అదే చెబుతోంది. ఆ సెక్షను వెనుక లాకప్పు గదుల చరిత్ర ఉంది. నోటితో ఒప్పించడం సులువు, రుజువు చేయడం కష్టం. సులువైనదాన్ని చట్టం నమ్మదు. ఎలిజబెత్ షార్ట్ కేసే దీనికి సాక్ష్యం. పదుల సంఖ్యలో మనుషులు, స్త్రీలూ పురుషులూ, తామే చంపామంటూ పోలీసుల దగ్గరికి వచ్చారు. ఒక్కరి మాటా నిలబడలేదు. నవలలో ఇలా వచ్చినవాళ్ళను పోలీసులు చితకబాదే భయంకరమైన ఘట్టం ఉంది. ఆ కేసు స్వభావమంతా ఆ ఘట్టంలో ఉంది. అబద్ధపు నేరాంగీకారాలకు పేరుమోసిన కేసును సినిమాగా తీసి, దాన్ని ఒక నేరాంగీకారంతో ముగించడం, ఆ కేసు గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతినే పక్కన పెట్టడం.

ఇది కథల్లోని పట్టింపు మాత్రమే కాదు. దక్షిణ కొరియాలో 1986, 1991 మధ్య హ్వాసాంగ్ ప్రాంతంలో జరిగిన వరుస హత్యల మీద బాంగ్ జూన్ హో 2003లో ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ తీసినప్పుడు హంతకుడు ఎవరో తెలియదు. ఆ సినిమాలో పోలీసులు కొట్టి ఒప్పిస్తారు, దొరికిన పాదముద్ర మీదుగా ట్రాక్టరు వెళ్ళిపోతుంది, పరీక్షకు నమూనాను అమెరికా పంపి నెలల తరబడి ఎదురుచూస్తారు. 2019లో డి.ఎన్.ఎ. పరీక్ష అసలు హంతకుణ్ణి పట్టి ఇచ్చింది; అతను అప్పటికే వేరే హత్య కేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. ఆ వరుస హత్యల్లో ఒకదానికి, పోలీసుల ఎదుట ఒప్పుకున్నాడన్న పేరుతో, ఇంకొక నిరపరాధి సుమారు 20 ఏళ్ళు జైల్లో గడిపి ఉన్నాడు. మన దగ్గర కూడా, కింది కోర్టులో శిక్ష పడిన మనిషి ఏళ్ళ తరువాత హైకోర్టులో నిర్దోషిగా బయటికి వచ్చిన సందర్భాలు ఈ సభలో ఉన్నవారికి గుర్తుకు వస్తూనే ఉంటాయి. పేర్లు ఎత్తడం నాకు ఇష్టం లేదు. దర్యాప్తు సరిగ్గా జరగకపోతే చనిపోయినవారికి ఒక అన్యాయం, బతికున్నవారికి ఇంకొక అన్యాయం జరుగుతాయి. ఇది తెలిసిన ఊళ్ళో కూర్చుని, చివరి రీలులో హంతకురాలు తనంతట తానే ఒప్పేసుకుంటే తృప్తి పడడం నాకు సాధ్యం కాదు.

డి పామాకు దర్యాప్తును తెరకెక్కించడం చేతకాదు అంటే నేను ఇంతసేపు మాట్లాడేవాణ్ణి కాదు. 1981లో ఆయనే తీసిన ‘బ్లో అవుట్’ చూడండి. ఛాయాగ్రాహకుడు కూడా ఈ జిగ్మండే. సినిమాలకు శబ్దాలు రికార్డు చేసే ఒక మనిషి రాత్రిపూట కారు ప్రమాదాన్ని అనుకోకుండా టేపు మీద పట్టుకుంటాడు. పత్రికలో అచ్చయిన ఫోటోలను ఒక్కొక్కటిగా కత్తిరించి, వాటిని కదిలే బొమ్మగా మార్చి, తన టేపుతో జతచేసి, టైరు పేలిన చప్పుడుకు ముందు తుపాకీ చప్పుడు ఉందని రుజువు చేస్తాడు. కత్తెర, టేపు, రీలు, ఒక మనిషి ఓపిక. ఇంతకు మించి ఆ దృశ్యంలో ఏమీ లేదు, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆధారాన్ని చేత్తో పట్టుకుని తిప్పి చూడడంలోని ఉత్కంఠ ఏమిటో ప్రపంచంలో ఈయనకు తెలిసినంతగా కొద్దిమందికే తెలుసు. ఆ తెలిసినవాడే పాతికేళ్ళ తరువాత ఇలా తీశాడన్నది నాకు బాధ కలిగించే విషయం.

ఈ నవలను మొదట డేవిడ్ ఫించర్ తీయవలసి ఉంది. ఆయన తప్పుకున్నాక డి పామా చేతికి వచ్చింది. ఫించర్ 2007లో ‘జోడియాక్’ తీశాడు. అది కూడా కాలిఫోర్నియాలో తేలని హత్యల కథ. ఒక ఊరి పోలీసుల దగ్గరున్న కాగితం పక్క ఊరి పోలీసులకు అందకపోవడం, దస్తూరి నిపుణుడి ఒక్క మాట మీద ఏళ్ళ శ్రమ ఆగిపోవడం, ఒక్కొక్క డిటెక్టివూ అలసిపోయి తప్పుకోవడం. రెండున్నర గంటలకు పైగా ఇదే ఆ సినిమా. హంతకుడు దొరకడు. అయినా మనకు వెలితి అనిపించదు, ఎందుకంటే వెతుకులాట పూర్తిగా జరిగింది. ‘బ్లాక్ డాలియా’లో హంతకురాలు దొరికింది, వెలితి మిగిలింది.

డి పామాను అభిమానించేవారు ఒక వాదన చేస్తారు. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఇది వాస్తవిక దర్యాప్తు కథ కాదనీ, పాత హాలీవుడ్ నేర చిత్రాల గురించి దర్శకుడు కన్న పీడకల అనీ, నటన అతిగా ఉండడం, కథ చిక్కుపడడం కావాలని చేసినవేననీ వారు అంటారు. మాడలీన్ బకీని తన ఇంటికి భోజనానికి తీసుకువెళ్ళే సన్నివేశం వరకు ఈ మాట ఒప్పుకుంటాను. నోట్లో వార్తాపత్రికతో గడ్డి కూరి నిలబెట్టిన పెంపుడు కుక్క, మత్తులో తూలే తల్లి, పిల్లల వికారపు మాటలు. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే సినిమాకు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. సినిమా అంతా ఆ స్వరంలో ఉండి ఉంటే పీడకల అన్న మాట నిలబడేది. కాని మిగతా భాగమంతా తేదీలు చెబుతూ, వార్తాపత్రికలు చూపిస్తూ, నిజంగా జరిగిన కేసు గౌరవాన్ని అరువు తెచ్చుకుంటుంది. నిజంగా బతికి చనిపోయిన అమ్మాయి పేరును సినిమా పేరులోనే పెట్టుకున్నాక, ఇది కల అని తప్పుకునే హక్కు ఉండదని నా అభిప్రాయం.

ఆ అమ్మాయి ఈ సినిమాలో నిజంగా కనిపించే చోటు ఒకటుంది. నలుపు తెలుపుల్లో తీసిన ఆ స్క్రీన్ టెస్టులు. మియా కర్ష్‌నర్ కెమెరా ఎదుట కూర్చుంటుంది. కెమెరా వెనుక నుంచి ఒక మగ గొంతు ప్రశ్నలు వేస్తూ, చిన్నబుచ్చుతూ, ఆటపట్టిస్తూ ఉంటుంది. ఆమె నవ్వడానికి ప్రయత్నిస్తుంది, గొప్పలు చెబుతుంది, అబద్ధాలు ఆడుతుంది, అవి అబద్ధాలని మనకు తెలిసిపోతుందని ఆమెకూ తెలుసు. వేషం కావాలి, అద్దె కట్టాలి, ఎవరో ఒకరు తనను చూడాలి. ఆ గొంతు ఎవరిదో కాదు, బ్రయన్ డి పామాదే. దర్శకుడు తనను తాను ఆ నిర్దయ పాత్రలో పెట్టుకోవడం ఈ సినిమాలో అన్నిటికన్నా నిజాయితీ గల పని. ఈ టెస్టులు తెర మీద ఉన్న కొద్ది నిమిషాల్లో, దర్యాప్తు చేయవలసిన పని నటి ఒక్కతే చేసింది: ఈమె ఎవరు, ఎవరి దగ్గరికి వెళ్ళింది, ఏమి ఆశించింది, ఎవరు ఆ ఆశను వాడుకున్నారు అన్న ప్రశ్నలను అడిగింది. సినిమాలోని డిటెక్టివులు ఈ రీళ్ళను చూసి మౌనంగా ఉండిపోతారు. చూశాక లేచి వెళ్ళి, ఆ గొంతు ఎవరిదో కనుక్కుని, ఆ మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నించాలన్న ఆలోచన ఒక్కరికీ రాదు. నేను ఆ స్టేషనులో ఉంటే మొదట పిలిపించేది అతన్నే. ఆ రోజు ఎవరెవరు గదిలో ఉన్నారు, తరువాత ఆమె ఎవరితో వెళ్ళింది, డబ్బు ఎవరు ఇచ్చారు, రీలు ఎక్కడ కడిగారు అని అడిగేవాణ్ణి. దర్యాప్తు అక్కడ మొదలు కావలసింది.

మళ్ళీ చూడాలనుకునేవారు ఈ స్క్రీన్ టెస్టులను, భోజనం సన్నివేశాన్ని, ఆ క్రేన్ షాట్‌ను చూడండి. ఆ తరువాత ఎల్‌రాయ్ నవల తెచ్చుకుని, లీ అద్దె గదిలో కేసు కాగితాలు పేర్చుకునే భాగం నుంచి చదవండి. ప్రశ్నలు ఉన్నవారు ఇప్పుడు అడగవచ్చు.